ఎడారి జెముడు - గుండెల్లో గాబరా



ఈసారి మన కార్యక్రమానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను కాస్త ఆలోచనలో పడేసింది. బెంగుళూరులో కొడుకు దగ్గర ఉంటున్న ఒక సోదరి రాశారు. ఆవిడ కోడలికి ఏడాదిగా ఆందోళన జబ్బు. ఉన్నట్టుండి గుండె దడదడలాడడం, చేతులు చల్లబడడం, బజారుకు వెళ్ళాలన్నా భయం. మందులు వాడుతోంది గాని పూర్తిగా తగ్గలేదు. ఆఫీసులో స్నేహితురాలొకామె, "అమెరికాలో ఒక జెముడు మొక్క నుంచి తీసిన మందుంది, ఒక్క పూట పుచ్చుకుంటే ఈ జబ్బు వేళ్ళతో సహా పోతుంది, నాకు తెలిసినవాళ్ళ ద్వారా తెప్పిస్తాను" అన్నదట. "మా అమ్మాయి ఆశ పడుతోంది. ఇప్పించమంటారా, వద్దంటారా?" అని ఆవిడ ప్రశ్న.

వద్దనే చెబుతాను, ముందుగానే. కాని ఊరికే వద్దంటే, ఆశ పడ్డ మనిషి ఊరుకోదు గదా! అది ఏం మొక్క, ఏం మందు, దాని మీద నిజంగా ఏ పరిశోధనలు జరిగాయి, అందులో ఎంత నిలబడే మాట, ఎంత గాలిమాట అన్నది తెలిస్తే, వద్దన్న మాటకు అర్థం ఉంటుంది. నేను డాక్టరును కాను. చదివి, తెలిసినవాళ్ళను అడిగి తెలుసుకున్నది మీకు చెబుతున్నాను.

ముందు జబ్బు సంగతి. దిగులు, భయం అందరికీ ఉండేవే. పిల్లాడి పరీక్షా ఫలితాలు వచ్చే రోజున కడుపులో తిప్పడం జబ్బు కాదు. ఫలితాలు వచ్చి, వాడు పాసై, మిఠాయి పంచిన తరవాత కూడా ఆ తిప్పడం ఆగకపోతే, కారణం లేకుండా నెలల తరబడి అదే గాబరా ఉంటే, దాని మూలాన నిద్ర, తిండి, పని చెడితే, అప్పుడు దాన్ని ఆందోళన జబ్బు అంటారు. ఇందులోనూ రకాలున్నాయి. కొందరికి రోజంతా సన్నగా, పొయ్యి మీద పాలు మర్చిపోయి వచ్చినట్టు ఉంటుంది. కొందరికి హఠాత్తుగా వస్తుంది. ఊపిరాడదు, గుండె ఆగిపోతుందేమో, ఈ క్షణంలో చచ్చిపోతానేమో అనిపిస్తుంది. పది, ఇరవై నిమిషాల్లో సర్దుకుంటుంది గాని, మళ్ళీ ఎప్పుడొస్తుందోనన్న భయం మాత్రం మిగిలిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో లోకం మొత్తం మీద 30 కోట్ల మందికి పైగా ఈ జబ్బుతో బాధపడుతున్నారు. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. వైద్యం అందేది మాత్రం నలుగురిలో ఒక్కరికి.

మా వీధిలోనే ఒక పిన్నిగారు గుండెజబ్బేమోనని మూడుసార్లు ఇ.సి.జి. తీయించుకున్నారు. మూడుసార్లూ "ఏమీ లేదమ్మా, వెళ్ళి హాయిగా ఉండండి" అన్నారు. హాయిగా ఉండడం చేతనైతే ఆవిడ ఆసుపత్రికే వెళ్ళేవారు కాదు! గుండెకు ఏమీ లేదన్నారు, సరే. బాధ ఉన్నదని మాత్రం ఎవరూ అనలేదు. అలాంటి మనిషికి ఎవరైనా ఒక్క పూటలో తగ్గిస్తామంటే చెవి అటు పోవడంలో వింత లేదు.

ఇక ఆ మొక్క. దాని పేరు పెయోటీ. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం దక్షిణ భాగంలోనూ, మెక్సికో ఉత్తరాన ఎడారి నేలల్లోనూ పెరుగుతుంది. జెముడు జాతే గాని ముళ్ళుండవు. నేలకు అంటుకుని, బూడిద ఆకుపచ్చ రంగులో, చిన్న గుమ్మడి పిందెను పైనుంచి నొక్కినట్టు ఉంటుంది. మధ్య మధ్య దూదిపింజలాంటి తెల్లని కుచ్చులు. కింద ముల్లంగిలాంటి లావుపాటి వేరు. పైభాగాన్ని కోసి ఎండబెడితే గుండీల్లా అవుతాయి. వాటినే నమిలి మింగుతారు. ఆ చేదు ముందు మన వేపాకూ కాకరకాయా దిగదుడుపే. తిన్నవాళ్ళకు మొదట వచ్చేది దర్శనం కాదు, వాంతి.

ఇందులో ఉండే అసలు పదార్థం పేరు మెస్కలిన్. పెయోటీలోనే కాదు, దక్షిణ అమెరికాలో పెరూ, ఈక్వడార్ కొండల్లో నిలువు స్తంభంలా పెరిగే సాన్ పెడ్రో అనే జెముడులో కూడా ఉంది. ఇక్కడ ఒక హెచ్చరిక. మన పొలం గట్ల మీద ఉండే నాగజెముడు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్కే. అంతమాత్రాన అది పెయోటీ కాదు. ఇక కోస్తే పాలు కారే మన జెముళ్ళు అసలు ఆ కుటుంబానివే కావు. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పేరు కలిసింది గదా అని ఎవరూ చేతులు పెట్టకండి.

పెయోటీ వాడకం నిన్నమొన్నటిది కాదు. టెక్సాస్‌లోని ఒక గుహలో దొరికిన పాత ముక్కలను పరీక్షిస్తే సుమారు 5,700 ఏళ్ళ నాటివని తేలింది. అప్పటికే వాటిలో మెస్కలిన్ ఇంకా మిగిలి ఉంది! మెక్సికోలోని వీచోల్ జాతివాళ్ళు ఇప్పటికీ ఆ మొక్క కోసం ఎడారికి యాత్ర చేస్తారు. మనం తిరుపతి కొండ నడిచి ఎక్కినంత నిష్ఠగా అనుకోండి. స్పెయిన్‌వాళ్ళు వచ్చి మెక్సికోను ఆక్రమించాక, ఇది సైతాను వేరు అన్నారు. 1620లో అక్కడి మత విచారణ సభ దీన్ని నిషేధించింది. నిషేధించినా పోలేదు. పోలేదు సరిగదా, ఉత్తరాన అమెరికా ఆదివాసుల్లోకి పాకింది. 1918లో ఓక్లహోమాలో వాళ్ళు నేటివ్ అమెరికన్ చర్చి అని ఒక సంఘాన్ని రిజిస్టరు చేయించుకున్నారు. భూములు పోయి, పిల్లలను తీసుకెళ్ళి దూరపు బడుల్లో వేసి, సొంత భాష మాట్లాడితే దండించిన రోజులవి. వాళ్ళకు ఆ మొక్క మందూ, దేవుడూ రెండూ.

వాళ్ళ పూజ ఒక రాత్రంతా సాగుతుంది. గుడారంలో నిప్పు చుట్టూ కూర్చుని, డప్పు, గిలక పట్టుకుని ఒకరి తరవాత ఒకరు పాడతారు. ఎవరో జబ్బుపడ్డారనో, ఎవరి బిడ్డో దూరదేశం వెళ్తున్నాడనో పూజ పెట్టుకుంటారు. తెల్లవారేటప్పుడు ఒక స్త్రీ నీళ్ళు తెస్తుంది. ఆ నీళ్ళకు ప్రార్థన చేసి అందరూ తాగుతారు. తరవాత మొక్కజొన్న, మాంసం, పండ్లతో ఫలహారం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అక్కడ మొక్క ఒంటరిగా పనిచెయ్యదు. పెద్దలున్నారు, పాటలున్నాయి, పక్కన కూర్చున్న చుట్టాలున్నారు. తెల్లారి నీళ్ళు తెచ్చే అమ్మ ఉన్నది. ఒక పొట్లంలో పొడి తెప్పించుకుని పడకగదిలో మింగితే ఇవేవీ రావు.

ఇప్పుడు ఆడవాళ్ళం మనకు ప్రత్యేకంగా పనికొచ్చే ఒక కథ. సైలస్ వియర్ మిచెల్ అని ఫిలడెల్ఫియాలో పేరుమోసిన నరాల డాక్టరు ఉండేవాడు. ఆయన ప్రసిద్ధికెక్కింది విశ్రాంతి చికిత్సతో. దిగులుతోనో, గాబరాతోనో, నీరసంతోనో వచ్చిన ఆడవాళ్ళను ఆయన ఆరు నుంచి ఎనిమిది వారాలు మంచం మీద పడుకోబెట్టేవాడు. లేవకూడదు. చదవకూడదు. రాయకూడదు. కుట్టుపని కూడా చెయ్యకూడదు. పాలు, వెన్న దండిగా పెట్టడం, ఒళ్ళు పట్టించడం, అంతే. 1887లో ఆయన దగ్గరకు వెళ్ళినవాళ్ళలో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ అనే రచయిత్రి ఒకరు. ఇంటికి పంపేటప్పుడు, ఇంటిపని తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు, కలం ముట్టవద్దు అని ఆయన ఆదేశించాడట. ఆవిడ మూడు నెలలు పాటించి, పిచ్చి పట్టే అంచుదాకా వెళ్ళి, చివరకు కలం పట్టుకుని బాగుపడింది. 1892లో "పసుపు రంగు గోడ కాగితం" అనే అర్థం వచ్చే పేరుతో ఒక కథ రాసి ఆ వైద్యం సంగతి లోకానికి చెప్పింది.

ఆ డాక్టరుగారే 1896 మే నెలలో పెయోటీ సారం పుచ్చుకున్నారు. మంచం మీద కాదు, తన ఇష్టానికి తాను. కళ్ళు మూసుకుంటే రంగులు, నక్షత్రాలు, రత్నాల గోపురాలు కనిపించాయని ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వర్ణించి వర్ణించి రాశారు. ఆడవాళ్ళ బుర్రకు పుస్తకం కూడా బరువే అన్న పెద్దమనిషి, తన బుర్రకు మాత్రం ఈ వేడుక పెట్టుకున్నాడు చూడండి! తన స్నేహితుడైన మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్‌కు కూడా కొన్ని గుండీలు పంపారు. జేమ్స్ ఒకటి తిని, ఇరవై నాలుగు గంటలు వాంతులూ విరేచనాలతో మంచానపడ్డాడు. ఆ దర్శనాలు ఉన్నాయని చెబితే నమ్ముతాను గాని మళ్ళీ తినను అన్నట్టుగా తమ్ముడికి ఉత్తరం రాశాడు. ఒకే మొక్క, ఇద్దరు మనుషులు, రెండు ఫలితాలు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

మరుసటి ఏడు, అంటే 1897 నవంబరు 23న, జర్మనీలో ఆర్థర్ హెఫ్టర్ అనే శాస్త్రజ్ఞుడు అసలు పదార్థమేదో తేల్చాడు. మొక్కలోంచి నాలుగైదు రకాల లవణాలను విడదీసి, ఒక్కొక్కటే తాను మింగి చూశాడు. ఆకారాలు కనిపించింది ఒక్కదానితోనే. అదే మెస్కలిన్. 1919లో వియన్నాలో ఎర్న్‌స్ట్ స్పేత్ అనే ఆయన మొక్కతో పని లేకుండా ప్రయోగశాలలోనే దాన్ని తయారు చేశాడు. అప్పటినుంచీ డాక్టర్లకు అది సీసాలో దొరకడం మొదలైంది.

ఒంట్లోకి వెళ్ళి అదేం చేస్తుందంటే, మన మెదడులో సెరటోనిన్ అనే పదార్థం ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోస్తుంది. ఆ కబురు అందుకునే తాళాలు రకరకాలుగా ఉంటాయి. మెస్కలిన్ వాటిలో ఒక రకం తాళంలోకి దొంగతాళం చెవిలా దూరుతుంది. దానితో మెదడులో రోజూ నడిచే దారులు కాసేపు కలిసిపోతాయి. గోడ ఊపిరి తీస్తున్నట్టుంటుంది, పాట రంగుగా కనిపిస్తుంది, నేను అన్న హద్దు పలచబడుతుంది. ఇలాంటివాటికి సైకెడెలిక్ అనే పేరు పెట్టింది హంఫ్రీ ఆస్మండ్ అనే డాక్టరు. కెనడాలో పనిచేసేవాడు. 1953 మే నెలలో లాస్ ఏంజెలిస్‌లో ఆయనే ఆల్డస్ హక్స్‌లీ అనే ఆంగ్ల రచయితకు మెస్కలిన్ ఇచ్చాడు. హక్స్‌లీ బల్ల మీది పూలసీసానూ, తన లాగూ మడతలనూ గంటల తరబడి చూసి, ఆ అనుభవాన్ని 1954లో పుస్తకంగా రాశాడు. ఆ పుస్తకంతో లోకమంతా దీని పేరు మోగిపోయింది.

హక్స్‌లీ మాట అందరూ చెబుతారు. సార్త్ర్ మాట తక్కువమంది చెబుతారు. ఫ్రాన్సులో జాన్ పాల్ సార్త్ర్ అని గొప్ప తత్త్వవేత్త. 1935లో పారిస్‌లోని సెంటాన్ ఆసుపత్రిలో, డాక్టరైన తన స్నేహితుడి చేత మెస్కలిన్ సూది వేయించుకున్నాడు. ఊహాశక్తి మీద పుస్తకం రాస్తున్నాడులెండి, అందుకు. ఆ సాయంత్రం ఆయన సహచరి సిమోన్ ద బోవ్వార్ ఫోను చేస్తే, ఆక్టోపస్‌లతో పోరాడుతున్నానన్నాడు. గొడుగు రాబందుగా కనిపించింది, బూట్లు అస్థిపంజరాలయ్యాయి. మందు దిగిపోయిన తరవాత కూడా, చాలాకాలం పీతలు తన వెంట నడుస్తున్నట్టు అనిపించేదట. వీధిలో, తరగతిలో! తనకు పిచ్చి పడుతోందేమోనని భయపడి డాక్టరు దగ్గరకు కూడా వెళ్ళాడు. చూశారా? భయం పోగొట్టే మందని చెబుతున్నదే ఒక మనిషికి లేని భయాన్ని తెచ్చిపెట్టింది. అది కూడా ఆసుపత్రిలో, డాక్టరు చేతి మీదుగా.

1960ల చివరికి ఈ మందులన్నీ వీధిన పడ్డాయి. 1971లో ఐక్యరాజ్య సమితి ఒడంబడికలో మెస్కలిన్‌ను అన్నిటికంటే కఠినమైన జాబితాలో చేర్చారు. పరిశోధనలు కూడా దాదాపు ఆగిపోయాయి. మళ్ళీ ఊపందుకున్నది ఈ శతాబ్దంలోనే.

సరే, ఇప్పటి పరిశోధనలు ఏమంటున్నాయి? నాకు ముఖ్యమనిపించినవి చెబుతాను.

మొదటిది, 2005లో అమెరికాలో హాల్పర్న్ అనే డాక్టరు బృందం చేసినది. నావహో ఆదివాసుల్లో పూజల్లో చిరకాలంగా పెయోటీ పుచ్చుకునే 61 మందికి జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పరీక్షలు పెట్టారు. పుచ్చుకోని వాళ్ళతో పోల్చారు. పూజలో పుచ్చుకునే వాళ్ళకు బుర్ర దెబ్బతిన్న గుర్తులేవీ కనిపించలేదు. ఇది మంచి కబురే. కాని పూజలో, పెద్దల మధ్య పుచ్చుకునే వాళ్ళ సంగతి ఇది. బయట పుచ్చుకునే వాళ్ళకు వర్తించదని ఆ రాసినవాళ్ళే అన్నారు.

రెండోది, ఆ స్నేహితురాలు చెప్పిన కబురుకు మూలం బహుశా ఇదే. 2021లో అచ్చయింది. మెస్కలిన్ ఏదో ఒక రూపంలో పుచ్చుకున్న 452 మందికి కంప్యూటరు ద్వారా ప్రశ్నలు పంపి జవాబులు రాబట్టారు. వాళ్ళలో అంతకుముందు ఆందోళన, దిగులు, తాగుడు వంటి బాధలున్నవాళ్ళను తగ్గిందా అని అడిగితే, జబ్బును బట్టి నూటికి 68 నుంచి 86 మంది తగ్గిందనే అన్నారు. వినడానికి ఎంతో బాగుంది. కాని మనం ఇల్లు నడిపేవాళ్ళం, లెక్క చూడ్డం మనకు తెలుసు. ఒక కొత్త పచ్చళ్ళ దుకాణంవాడు తన దగ్గర మళ్ళీ మళ్ళీ కొనేవాళ్ళను మాత్రమే పిలిచి పచ్చడి ఎలా ఉంది అని అడిగాడనుకోండి. బాగుందనక ఏమంటారు? నచ్చక మానేసినవాళ్ళు అక్కడికి రారు గదా. ఇదీ అంతే. జవాబు రాసింది ఇష్టపడి ముందుకొచ్చినవాళ్ళు. జబ్బు ఉన్నదని చెప్పింది వాళ్ళే, తగ్గిందని చెప్పిందీ వాళ్ళే. మధ్యలో డాక్టరు లేడు. పక్కన ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చిన గుంపు లేదు. దాన్నిబట్టి పరిశోధన చెయ్యదగ్గ విషయమని అనవచ్చు, మందు దొరికిందని అనకూడదు. ఆ పరిశోధకులూ అదే అన్నారు.

మూడోది స్విట్జర్లాండులోని బాసెల్ విశ్వవిద్యాలయంలో జరిగింది. అక్కడివాళ్ళు చాలా పద్ధతిగా చేస్తున్నారు. 2023లో ఆరోగ్యంగా ఉన్న 32 మందికి మెస్కలిన్, ఎల్.ఎస్.డి., పుట్టగొడుగుల్లో ఉండే సిలోసిబిన్, ఉత్తుత్తి మాత్ర, ఈ నాలుగూ వేరు వేరు రోజుల్లో, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చి చూశారు. మూడు మందుల అనుభవమూ ఇంచుమించు ఒకటే. తేడా ఎక్కడంటే కాలంలో. సిలోసిబిన్ సుమారు 5 గంటలు, ఎల్.ఎస్.డి. 8 గంటలు, మెస్కలిన్ 11 గంటలు. మోతాదులో కూడా తేడా చూడండి. ఎల్.ఎస్.డి. ఒక మిల్లీగ్రాములో పదో వంతు చాలు. మెస్కలిన్ 300 నుంచి 500 మిల్లీగ్రాములు కావాలి. 2024లో అదే బృందం 16 మందికి 100 నుంచి 800 మిల్లీగ్రాముల దాకా పెంచుకుంటూ ఇచ్చింది. ఎక్కువ మోతాదులో అనుభవం 14 గంటల దాకా సాగింది. రక్తపోటు పెరిగింది, వికారం, వాంతులు ఎక్కువయ్యాయి. ఇందాక చెప్పిన తాళాన్ని మూసేసే వేరే మందు కలిపి ఇస్తే ప్రభావం బాగా తగ్గింది. అంటే ఆ తాళం సంగతి నిజమేనని రుజువైంది.

ఇందులో మనం పట్టుకోవలసిన ముక్క, "ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు" అన్నది. ఈ రెండు పరీక్షలూ ఆందోళన జబ్బు ఉన్నవాళ్ళ మీద చేసినవి కావు. ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి చేసినవి. పదకొండు గంటలంటే ఏమిటో ఊహించండి. పొద్దున ఆరింటికి కాఫీ తాగే వేళకు మొదలైతే సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాకా. మధ్యలో భయం వేసినా దిగే మెట్టు లేదు. రైలు ఆగదు. అందుకే అక్కడ ఒక్కో మనిషి పక్కన తర్ఫీదు పొందిన మనిషి రోజంతా కూర్చుంటారు. ఇంట్లో తండ్రికో, అన్నకో మతిభ్రమణం ఉన్నవాళ్ళను అసలు ఈ పరీక్షల్లోకే తీసుకోరు. మందు ఆ జబ్బును తట్టిలేపుతుందన్న భయం.

ఈ మందుల చుట్టాలతో ఆందోళన మీద నేరుగా జరిగిన పరీక్షలున్నాయి. 2016లో అమెరికాలో రెండు చోట్ల, జాన్స్ హాప్కిన్స్‌లో 51 మంది, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో 29 మంది కేన్సర్ రోగులకు సిలోసిబిన్ ఇచ్చి చూశారు. చావు భయంతో కుమిలిపోయేవాళ్ళు వాళ్ళు. ఒకటి రెండు పూటల మందు, దానికి ముందూ వెనకా వారాల తరబడి మాటలతో వైద్యం. హాప్కిన్స్‌లో ఆరు నెలల తరవాత కూడా సుమారు నూటికి 80 మందికి ఆందోళన, దిగులు చెప్పుకోదగినంతగా తగ్గే ఉన్నాయి. చదివినప్పుడు నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, దాచడమెందుకు. 2025లో ఒక మందుల కంపెనీ 198 మంది ఆందోళన రోగులకు ఎల్.ఎస్.డి. ఒకే ఒక్కసారి ఇచ్చి, 12 వారాల పాటు గమనించి, తగిన మోతాదులో ఉత్తుత్తి మాత్ర కంటే బాగా పనిచేసిందని ప్రకటించింది. ఆశ పుట్టించే వార్తలే. కాకపోతే ఒక చిక్కుంది. గోడలు కదిలితే తనకు అసలు మందు పడిందని ఎవరికైనా తెలిసిపోతుంది. కదలకపోతే ఉత్తుత్తిదని తెలిసిపోతుంది, నిరాశ కలుగుతుంది. ఆశ చేసిన మేలెంత, మందు చేసిన మేలెంత అని విడదీయడం కష్టం. పైగా అది చుట్టపు మందు. అక్కగారి సంబంధం బాగుందని చెల్లెలిని చూడకుండా పెళ్ళి ఖాయం చేస్తామా?

కాబట్టి సంగతి ఇదీ: మెస్కలిన్‌ను ఆందోళన జబ్బుకు మందుగా ఏ దేశంలోనూ ఆమోదించలేదు. మన దేశంలో 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టంలో దాని పేరు జాబితాలో ఉంది. దగ్గర పెట్టుకున్నా, తెప్పించినా నేరమే. జబ్బు తగ్గించుకుందామని పోయి కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది, అసలే గుండెదడ ఉన్న పిల్ల! ఇక ఆ తెప్పించే పొడి ఏమిటో, అందులో ఎంత ఉందో, అసలు అదేనా కాదా అన్నది చెప్పేవాడు లేడు. బాసెల్‌లో మిల్లీగ్రాము తూచి ఇస్తారు. దొంగచాటు పొట్లంలో తూకం ఎక్కడిది? పైగా ఆ అమ్మాయి ఇప్పటికే మందులు వాడుతోంది. ఆందోళనకు ఇచ్చే మాత్రలు చాలావరకు ఆ సెరటోనిన్ మీదే పనిచేస్తాయి. రెండూ కలిపితే ఎటు తిరుగుతుందో! ఆ స్నేహితురాలి మాట విని వాడే మాత్రలు హఠాత్తుగా మానేస్తే అది ఇంకో ప్రమాదం.

ఇందులో ఇంకొక అన్యాయం కూడా ఉంది. పెయోటీ విత్తనం నాటితే కోతకు రావడానికి పదేళ్ళయినా పడుతుంది. వేరు ఉంచి పైన మాత్రం కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. తొందరపడి వేరుతో పీకితే అంతే సంగతులు. ఒక పక్క భూములు చదును చేస్తున్నారు, ఇంకోపక్క దొంగతనంగా తవ్వుకుపోతున్నారు. మొక్క అరుదైపోతోంది. 2017లో ఆదివాసులు టెక్సాస్‌లో 605 ఎకరాల నేల సంపాదించి దాన్ని కాపాడుకునే ప్రయత్నం మొదలుపెట్టారు. కొన్ని అమెరికా నగరాలు ఇలాంటి మొక్కల మీద శిక్షలు సడలిస్తూ ఉంటే, మా పెయోటీని మాత్రం ఆ జాబితాలో చేర్చకండి, మాకే మిగలదు అని వాళ్ళు మొరపెట్టుకున్నారు. 2022లో కొలరాడో రాష్ట్రంవాళ్ళు ఓటు వేసి మెస్కలిన్‌కు సడలింపు ఇచ్చినప్పుడు పెయోటీని వదిలేశారు. బెంగుళూరుకు వచ్చే పొట్లంలో నిజంగానే ఆ మొక్క ఉందనుకున్నా, అది ఎవరి దేవుడి గదిలోంచో ఎత్తుకొచ్చినట్టే.

మరి ఆ అమ్మాయి ఏం చెయ్యాలి? మొదట, ఏడాదిగా మందు వాడుతున్నా పూర్తిగా తగ్గలేదని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. మనవాళ్ళలో చాలామంది డాక్టరు ఎదుట కూర్చుని "పరవాలేదండీ" అనేస్తారు. ఇంటికొచ్చి ఏడుస్తారు. పరవాలేదంటే ఆయన అదే మాత్ర మళ్ళీ రాసి పంపుతాడు. మోతాదు సరిపోకపోవచ్చు, మందు మార్చవలసి రావచ్చు. ఈ మందులు పనిచెయ్యడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది గనుక పది రోజులకే లాభం లేదని మానకూడదు. థైరాయిడ్ ఎక్కువైనా అచ్చం ఇలాగే గుండెదడ, చేతుల వణుకు వస్తాయి. రక్తం తక్కువైనా దడ వస్తుంది. అవి చూపించారో లేదో అడగాలి. రోజుకు ఆరు కప్పుల కాఫీ తాగుతూ గుండెదడ అంటే కాఫీని కూడా కాస్త అనుమానించాలి.

రెండోది, మాటలతో చేసే వైద్యం. భయం వేసినప్పుడు ఏ ఆలోచన ముందు వచ్చింది, అది ఎంతవరకు నిజం అని విడదీసి చూడడం నేర్పుతారు. బజారంటే భయముంటే మొదటి వారం వీధి చివరి దాకా, రెండో వారం మలుపు దాకా, మూడో వారం కూరల బండి దాకా, అలా. చప్పగా వినిపిస్తుంది. ఇందులో రత్నాల గోపురాలేవీ కనిపించవు. కాని వందల కొద్దీ పరీక్షల్లో నిలబడిన వైద్యమిది.

నిద్రపట్టడానికని, దడ తగ్గడానికని కొందరు మందుల దుకాణంలో చీటీ లేకుండా ఆల్ప్రజోలం వంటి మాత్రలు కొనేస్తుంటారు. అవి వెంటనే హాయినిస్తాయి, నిజమే. నెలల తరబడి వేసుకుంటే అవి లేకుండా ఉండలేని స్థితి వస్తుంది. ఉన్నట్టుండి మానితే మూర్ఛ కూడా రావచ్చు. పక్కింటివారి మాత్ర అరువడిగేవాళ్ళూ ఉన్నారు. పంచదార అడిగినట్టు మాత్రలు అడగకండమ్మా.

ఎక్కడికి వెళ్ళాలో తెలియనివారికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలి మానస్ అని ఒక ఫోను సహాయం పెట్టింది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. మన ఊళ్ళలో ఉన్నవారికి హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో పెదవాల్తేరు దగ్గరి ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు చెప్పగానే నవ్వడం మనకో అలవాటు. అక్కడ బయటి రోగుల విభాగంలో చీటీ పట్టుకుని కూర్చునేవాళ్ళు మనలాంటి వాళ్ళే. జిల్లా ఆసుపత్రుల్లో కూడా మానసిక వైద్యులుంటారు.

వెళ్ళేటప్పుడు ఒక కాగితం తీసుకుని, దడ ఏ రోజు, ఏ వేళ, ఎంతసేపు వచ్చింది, దానికి ముందు ఏం జరిగింది అన్నది రెండు వారాల పాటు రాసి పెట్టుకోండి. వాడుతున్న మాత్రల అట్టలు, ఆయుర్వేదమైనా, హోమియో అయినా సరే, అన్నీ సంచిలో వేసుకోండి. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి బాధ ఉండేదా అని డాక్టరు అడుగుతారు. పుట్టింటి తరఫు సంగతి అత్తగారి ముందు చెప్పడానికి కోడలు మొహమాటపడుతుంది. కనుక అత్తగారూ, ఆ ఐదు నిమిషాలు మీరు బయట బల్ల మీద కూర్చోండి.